బల్దియా లెక్క బస్తీకి చెప్పాలె

(హైదరాబాద్‌లో ఒక డివిజన్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



తెలంగాణ కొట్లాట మొదటినుంచీ పైసల లెక్క అడిగిన కొట్లాట. తెలంగాణ మిగులు తెలంగాణకే ఖర్చు పెట్టాలని 1956లో పెద్దమనుషులు ఒప్పందం రాసుకున్నారు. ఆ మిగులు ఎటు పోయిందని జనం నిలదీస్తే 1969లో కుమార్ లలిత్ కమిటీ, భార్గవ కమిటీ కూర్చుని లెక్కలు తీయవలసి వచ్చింది. నీళ్లు, నిధులు, నియామకాలు అన్న నినాదంలో నడిమి మాట నిధులే. 2014లో రాష్ట్రం వచ్చింది. రాష్ట్రం వచ్చిందని లెక్క అడుగుడు మానుకుంటమా? సెక్రటేరియట్‌ను అడిగిన నోటితోనే బల్దియానూ అడగాలె.

అందుకే బల్దియా ఎన్నికలు ఎప్పుడొచ్చినా మా డివిజన్ నుంచి మేం అభ్యర్థిని నిలబెడుతున్నం. మా ఎజెండా ఒక్కటే: రాబడి, ఖర్చు, అప్పు, మూడింటి లెక్కా ప్రజల ముందు పెట్టాలె.

పొదుపు అనంగనే కొందరికి ఊడ్చేవాళ్ల జీతమే కనిపిస్తది. మేం చెప్పే పొదుపు అది కాదు. 2020 ఎన్నికల ముందు నగర పారిశుద్ధ్య కార్మికుల వేతనం 14,500 నుంచి 17,500కు పెంచినట్టు ప్రకటించారు. పొద్దుగాల నాలుగింటికి చీపురు పట్టే అక్కకు అది ఎక్కువ అనే మనిషి మా దగ్గర లేడు. కోత పడవలసిన చోటు వేరే ఉన్నది. ఏడాదిలో మూడుసార్లు తవ్వి మూడుసార్లు పూడ్చిన రోడ్డు బిల్లులో ఉన్నది.

అప్పు సంగతి చూడండి. ఫ్లైఓవర్లు, అండర్‌పాసుల కోసం బల్దియా బాండ్లు అమ్మింది. 2018 ఫిబ్రవరిలో 200 కోట్లు, వడ్డీ 8.90 శాతం. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లు, వడ్డీ 9.38 శాతం. 2019లో 100 కోట్లు, వడ్డీ 10.23 శాతం. అంటే ప్రతిసారీ వడ్డీ పెరిగింది. మొత్తం 495 కోట్లు. అసలు ముట్టకపోయినా వడ్డీయే ఏడాదికి సుమారు 46 కోట్లు. అప్పు చేయడం తప్పని మేం అనం. వంతెన యాభై ఏండ్లు ఉంటది, దాని భారం కొన్నేండ్లకు పంచుకోవచ్చు. కాని అప్పు తీర్చే రాబడి ఏదో అప్పు తెచ్చేనాడే చెప్పాలె.

ఇక మాఫీల కథ. 2016 ఎన్నికల ముందు, ఏడాదికి 1,200 రూపాయల లోపు ఆస్తిపన్ను ఉన్న ఇండ్లకు 101 కడితే చాలన్నారు. పేదింటికి ఆసరా, మేం కాదనం. 2020 నవంబర్‌లో దీపావళి కానుక అని 15,000 దాకా పన్ను కట్టే ఇండ్లకు సగం తగ్గించారు. పద్దెనిమిది దినాలు తిరగకముందే పోలింగ్. పదిహేను వేల పన్ను పడే ఇల్లు పేదిల్లా? ఆ లోటు ఎవరు పూడ్చాలె? కానుక ఇచ్చినవారికి ఓట్లు, బల్దియాకు బాకీ!

ఉద్యోగులకు ఒక మాట. జీతం ఇరవై వేలు దాటిందంటే నెలకు 200 రూపాయలు వృత్తిపన్ను కోత. వసూలు చేసేది రాష్ట్ర ప్రభుత్వం. నగరంలో వసూలైన దాంట్లో నగరానికి ఎంత చేరింది? సర్కారు ఆఫీసుల ఆస్తిపన్ను బకాయి ఎంత? మామూలు ఇంటికి రెడ్ నోటీసు ఇచ్చే చెయ్యి ఆ గేటు దగ్గర ఎందుకు వణుకుతది? ఈ ప్రశ్న కౌన్సిల్‌లో అడిగే కార్పొరేటర్ కావాలె.

ఒక్క కార్పొరేటర్ గెలిచి ఏం చేస్తడని మీరు అడగొచ్చు. నిజమే. పాలనాధికారం ప్రభుత్వం వేసిన కమిషనర్ చేతిల ఉంటది. కాని బడ్జెట్‌ను ఆమోదించేది కౌన్సిల్. చేతులెత్తి పాస్ చేసే ముందు పేజీలు తిప్పి చదివే మనిషి ఒక్కడున్నా గొంతు వినబడుతది. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమలైంది. మూడు లక్షల జనాభా దాటిన పట్టణంలో వార్డు కమిటీలుండాలని అది చెప్పింది. ఆ కమిటీని కాగితం మీదినుంచి బస్తీలకు దించుతం.

మా మాట మూడు ముక్కలు. ఒకటి, డివిజన్‌లో ఏ పని జరిగినా ఎస్టిమేట్ ఎంత, కాంట్రాక్టర్ ఎవరు, బిల్లు ఎంత అన్నది ఆ గల్లీలోనే బోర్డు మీద రాయిస్తం. రెండు, లోటు పూడ్చే దారి చూపకుండా ఏ మాఫీ వాగ్దానం చెయ్యం. మూడు, మా ఎన్నికల ఖర్చు ఏ రోజుకారోజు గోడకు అతికిస్తం. 2020లో అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షలు. అంతకు పదింతలు పెట్టినోడు సేవకు వచ్చిండంటే నమ్ముదామా? పెట్టినదంతా మోరీ బిల్లులోంచే తీసుకుంటడు.

ఆ ఎన్నికల్లో సగం మంది కూడా ఓటు వెయ్యలేదు. ఓటెయ్యనోడికి లెక్క ఎవరూ చెప్పరు. విద్యార్థి మిత్రులారా, బడ్జెట్ పుస్తకం పట్టుకొని గల్లీగల్లీ తిరగడానికి మీరు రావాలె. ఓటుకు నోటు పట్టుకొని వచ్చినోడిని ఒక్కటే అడగండి: ఈ నోటు ఏ పద్దు కింద రాస్తవు?

జై తెలంగాణ!