ఆఫ్రికాతీరమున నొక రాజసమాధి



నేను పల్లెటూరి బడిలో ముప్పదియైదు సంవత్సరములు చరిత్రము చెప్పినవాడను. జూలియస్ సీజరు రోమునగరమున జరిపిన విజయోత్సవములను గూర్చి యెన్ని తరగతులకు చెప్పితినో లెక్కలేదు. ఏనుగులు, రథములు, సంకెళ్ళతో నడచిన శత్రువులు, అన్నియు వర్ణించితిని. ఆ యూరేగింపులో బందీగా త్రిప్పబడిన యొక పసిబిడ్డ సంగతి మాత్ర మొక్కనాడును చెప్పలేదు. తెలియక కాదు, పరీక్షలో నడుగరని విడిచితిని. ఆ బిడ్డ పెరిగి రాజై నిద్రించినదని తలపబడు సమాధిని చూచు భాగ్యము వార్ధక్యమున నాకు లభించినది. ఆ సంగతియే నేడు మీకు మనవి చేయుచున్నాను.

ఆఫ్రికాఖండపు టుత్తరతీరమున అల్జీరియా యను దేశము కలదు. మా కుమారు డక్కడ నుద్యోగము చేయుచుండుటచే నేనును పోవుట తటస్థించినది. రాజధానియగు అల్జీర్సు నగరమునుండి పడమరగా సుమారు 60 కిలోమీటర్లు పోగా, తిపాజా ప్రాంతమున నొక కొండవరుసపై, సముద్రమట్టమునకు 260 మీటర్ల యెత్తున, ఆ సమాధి నిలిచియున్నది. ఉత్తరమున మధ్యధరాసముద్రము, దక్షిణమున మితీజా యను పంటమైదానము. ఓడలో పోవు నావికునకును, పొలము దున్ను రైతునకును గూడ నది కనబడును.

దూరమునుండి చూడగా కళ్ళములో వేసిన పెద్ద గడ్డివామివలె తోచినది. దగ్గఱకు పోగా నోటమాట రాలేదు. అడ్డుకొలత సుమారు 60 మీటర్లు. ఎత్తు నేటికిని 32 మీటర్లు. చుట్టును గోడలో నిమిడిన 60 స్తంభములు. వానిపైన మెట్లుమెట్లుగా సన్నగిల్లుచు పోయిన రాతి శిఖరము. నాలుగు దిక్కుల నాలుగు తలుపులున్నవి; కాని యవి తలుపులు కావు, తలుపులవలె చెక్కిన రాళ్ళు.

ఆ దేశపు ప్రాచీనజాతివారిని బర్బరులందురు. గ్రీకులు పరభాషలవారి కిడిన పేరునుండి యిది వచ్చినది; మన సంస్కృతములోని బర్బరశబ్దమును దానికి చుట్టమే. వారు మాత్రము తమ్ము తాము అమాజిగు లని చెప్పుకొందురు. స్వతంత్రులని దాని కర్థము చెప్పుదురు.

ఆ జాతిలో పుట్టి నుమిడియా దేశమునేలిన మొదటి జూబా, రోమనుల యంతర్యుద్ధములో సీజరునకు ప్రతిపక్షమున నిలిచి, క్రీ.పూ. 46లో థాప్ససు యుద్ధము పోగా ప్రాణములు విడిచెను. ఆతని శిశువును సీజరు రోమునకు కొనిపోయి, ఆ సంవత్సరముననే విజయోత్సవమున ప్రజలకు జూపెను. బాలుడు శత్రువుల నడుమనే పెరిగి, గ్రీకు లాటిను విద్యలు నేర్చి పండితుడాయెను. క్రీ.పూ. 25లో అగస్టసు చక్రవర్తి యాతనిని మౌరిటేనియాకు రాజుగా జేసెను. ఇతడే రెండవ జూబా. ఆతని రాణి క్లియోపాత్రా సెలీనీ, ఈజిప్టురాణి క్లియోపాత్రకును ఆంటోనికిని పుట్టిన కూతురు. తలిదండ్రులు మరణించిన పిమ్మట, క్రీ.పూ. 29లో నీమెయు రోమువీధులలో త్రిప్పబడినదే. ఒకే నగరవీధులలో నవమానింపబడిన పిల్ల లిద్దఱు పెద్దవారై యొకే సింహాసనమున గూర్చుండిరి. వారి కుమారుడు టాలెమీని క్రీ.శ. 40లో కలిగులా చక్రవర్తి చంపించెను. అంతట నా రాజ్యము రోమనులపాలయ్యెను.

జూబా గ్రీకుభాషలో పెక్కు గ్రంథములు వ్రాసెను. ఒక్కటియు మనకు దక్కలేదు. ప్లినీ మొదలగువారు గ్రహించిన ముక్కలే మిగిలినవి. పాలుగారు మొక్క నొకదానికి తన వైద్యుడగు యుఫోర్బసు పేరిట యుఫోర్బియా యని యాతడు పేరుపెట్టెను. మన చేలకు కంచెగా నాటు ఆకుజెముడును, బొంతజెముడును వృక్షశాస్త్రమున నా పేరుగలవే. రాజుగారి గ్రంథములు నశించినవి. వైద్యుని పేరు మన కంచెలమీద నిలిచినది!

ఇక నా సమాధికి కలిగిన గతి వినుడు. ప్రజలు రాజును మఱచిరి. రాతితలుపులమీది గీతలు శిలువవలె నుండుటచే దానికి 'క్రైస్తవ స్త్రీ సమాధి' యని పేరువచ్చెను. జూబా కాలమునకు క్రైస్తవమతమే పుట్టలేదు. పేరు పోయినచోట నిధి పుట్టును గదా! లోపల ధనరాసు లున్నవని కథలు ప్రబలెను. 1555లో అల్జీర్సు నేలిన సలాహ్ రయీసు దానిని పడగొట్టింపబూనగా, నల్లని కందిరీగలు లేచి పనివాండ్రను తఱిమినవని చెప్పుకొందురు. పదునెనిమిదవ శతాబ్దమున మఱియొక పాలకుడు ఫిరంగులతో కొట్టించెను. తుదకు 1866లో బెర్బ్రూగరు అను ఫ్రెంచి పండితుడు బరమాతో తొలిపించి లోపలి త్రోవ కనిపెట్టెను. అది తూర్పుతలుపు క్రింద నుండెను. లోపల సింహమును, ఆడుసింహమును చెక్కిన గది. అటుపై దీపపుగూళ్ళతో చుట్టుతిరుగు 150 మీటర్ల సొరంగము. నడుమ రెండు గదులు. ఆ గదులు శూన్యములు. నిధియు లేదు, అస్థియు లేదు.

మన ప్రాంతములలోను ప్రాచీనుల రాతిసమాధులను రాకాసిగుళ్ళని పిలుచుటయు, నిక్షేపముల కాసపడి త్రవ్వుటయు మీరెఱుగనిది కాదు. త్రవ్వినవానికి దొరకున దేమియు నుండదు. పోవునది మాత్రము తిరిగిరాదు. ఆ సమాధిని 1982లో తిపాజాతో గూడ ప్రపంచవారసత్వముగా గుర్తించిరి.

మేము పోయిననాడు లోపలిత్రోవ మూసియుండెను. తూర్పుతలుపు నీడలో గూర్చుండి, పదేండ్ల మా మనుమనికి జూబా కథ యంతయు చెప్పితిని. వాడు వినివిని, "తాతయ్యా! ఊరేగింపులో నా బిడ్డకు నడక వచ్చెనా, ఎవరైన నెత్తుకొని తిరిగిరా?" యని యడిగెను.

శిశువని మాత్రమే గ్రంథములు చెప్పుచున్నవి. నేను బదులు చెప్పలేకపోయితిని. ముప్పదియైదేండ్లలో నొక్క విద్యార్థియు నన్నీ ప్రశ్న యడుగలేదు. వా రడుగకపోవుట వారి తప్పు కాదు. ఆ బిడ్డ యుండెనని నేను చెప్పినగదా వా రడుగుట! గెలిచినవాని రథమును చూపి, వెనుక వచ్చినవారిని చూపనైతిని. పెద్దలారా! సాయంకాలము అరుగుమీద పిల్లలకు పూర్వకథలు చెప్పునపుడు, నేను చేసిన లోపము మీరు చేయకుందురుగాక.