రాత్రి పూట బ్రష్షు



పళ్లు తోముకోకుండా కాఫీ ముట్టని ఇళ్లు మనవి. మంచిదే. మరి రాత్రి? అన్నం తిన్నాక ఓ అరటిపండో, బెల్లం ముక్కో. ఆపైన నిద్ర. అసలు తోముకోవలసిన వేళ అదే.

ఎందుకంటారా? పగలంతా నోటిని కడిగేది లాలాజలం. నిద్రలో అది బాగా తగ్గిపోతుంది. పళ్ల సందుల్లో ఇరుక్కున్న తీపినీ పిండినీ సూక్ష్మజీవులు తిని ఆమ్లం వదులుతాయి. పంటి పైపొర, అదే ఎనామిల్, ఆ ఆమ్లానికి కరుగుతుంది. పిప్పిపన్ను అలా మొదలవుతుంది. మొదట్లో నొప్పి ఉండదు. నొప్పి తెలిసేసరికి పుచ్చు లోపలిదాకా పోయి ఉంటుంది.

దేనితో తోముకుంటామన్నదీ ముఖ్యమే. మా నాయనమ్మ బొగ్గుపొడిలో ఉప్పు కలిపి తోముకునేది. పళ్లు తెల్లగానే ఉండేవి. కానీ ఆ గరుకుకి అరిగిపోయి, చల్లటి నీళ్లు తగిలితే చాలు, జివ్వుమనేవి.

చిగుళ్ల నుంచి రక్తం వస్తోందని కొందరు బ్రష్షు పక్కన పెట్టేస్తారు. పొరపాటు. చాలాసార్లు అది పాచి పేరుకుందని చెప్పే గుర్తు. మెత్తటి బ్రష్షుతో, చిగురు అంచున, నెమ్మదిగా తోమండి. రెండు వారాలైనా ఆగకపోతే దంతవైద్యులకు చూపించండి.

ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత చాలు. మూడేళ్లలోపు పిల్లలకు బియ్యపు గింజంత. ప్రకటనల్లో బ్రష్షు నిండా పరుస్తారు, అది వాళ్ల వ్యాపారం. రెండు నిమిషాలు తోమండి. రాత్రి తోముకున్నాక మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. పడుకోబోయే ముందు పాలు తాగే పిల్లలుంటే, పాలు ముందు, బ్రష్షు తర్వాత.