బ్రేకు ఇన్‌స్పెక్టర్ ముందు మన బండి

(బాన్సువాడలో వాడ సభలో మాట్లాడిన మాటల పాఠం)



ఇయ్యాల బండి కాగితాల సంగతి మాట్లాడుతున్నాం. ఇది కూడా ఉద్యమ విషయమేనా అని కొందరు నవ్వొచ్చు. చెరుకు కొట్టనీకి, సుతారి పనికి పోయేటోళ్ల బండి ఆగితే ఆ దినం కూలి ఆగినట్టే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం మోటార్ సైకిల్ రిజిస్ట్రేషన్ 15 ఏండ్లే చెల్లుతది. తర్వాత బ్రేకు ఇన్‌స్పెక్టరుకు బండి చూపించి ఐదేండ్లకోసారి పొడిగించుకోవాలె. గడువుకు 60 రోజుల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. 300 రూపాయలున్న ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 1000 చేసిండ్రు. 20 ఏండ్లు దాటిన బండికి 2025 ఆగస్టులో 2000 చేసిండ్రు.

షోరూములో కొత్త బండి కొన్నాయనకు ఈ బాధ తెల్వదు. గడువు నిండకముందే అమ్మేస్తడు. అది మూడు చేతులు మారి మన వాడకొస్తది. మనది నిజామాబాద్ జిల్లాగా ఉన్ననాటి ఏపీ 25 నంబరు బండ్లు ఎవరి ఇండ్ల ముందు ఉన్నయో చూడుండ్రి. ఫీజు, తనిఖీ, చలాన్ అన్నీ చివరి చేతి మీదనే పడుతున్నయి.

అట్లని తనిఖీ వద్దని మేము అనం. 1929లో చాలీస్‌గావ్‌లో అంబేద్కర్‌ను ఎక్కించుకొని తోలనీకి టాంగావాళ్లు ఒప్పుకోలేదు. తోలడం రాని మనవాడే పగ్గాలు పట్టిండు. కల్వర్టు మీద టాంగా దెబ్బతిని బాబాసాహెబ్ కిందపడ్డడు, కాలు విరిగింది. బ్రేకు పట్టని బండి మీద కూలికి పోతే విరిగేది కూడా మన కాళ్లే. బ్రేకు, లైటు, టైరు చూడాల్సిందే. మేం అడిగేది ఒక్కటే: ఆ తనిఖీ మండలానికి రావాలె, కూలి దినం పోగొట్టుకోకుండ జరగాలె.

అన్నిటికంటే పెద్ద చిక్కు ఆర్సీలో పేరు. అమ్మినాయన 14 రోజుల్లో, కొన్నాయన 30 రోజుల్లో ఆఫీసుకు తెలపాలని చట్టంల ఉన్నది. మనం పైసలిచ్చి తాళంచెవి తీసుకొని వస్తున్నం, అంతే. పదేండ్లకు సంతకం కోసం పటేలు గడప ముందు చేతులు కట్టుకొని నిలబడుతున్నం.

ఎందుకు నిలబడాలె? ఆర్సీలో ఎవరి పేరుంటే ప్రమాద నష్టపరిహారం వాళ్లదే బాధ్యతని, బండి అమ్మినా తప్పదని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సంతకం పెట్టకపోతే నష్టం ఆయనకే ఎక్కువ. ఈ మాట మర్యాదగానే, కానీ తల ఎత్తి చెప్పుండ్రి. ఒక్కరు పోకుండ నలుగురు కలిసి పోండ్రి.

వచ్చే ఆదివారం ఆర్సీలు పట్టుకొని రాండ్రి. ఏ బండికి ఎప్పుడు 15 ఏండ్లు నిండుతయో, ఎవరి పేరు మీదున్నదో ఒక నోటుబుక్కుల రాద్దాం. చదువుకున్న పిల్లలు పెన్నులు తెచ్చుకోండి.