పెన్షన్ చిన్నదైతే లెక్క పెద్దది

(డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా సిబ్బంది కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తేదీకి ఒక చరిత్ర ఉంది. 1979లో కేంద్ర ప్రభుత్వం పెన్షన్ లెక్కను మెరుగుపరిచింది. కానీ ఆ ఏడాది మార్చి 31కి ముందు రిటైరైనవారికి అది వర్తించదంది. డి.ఎస్. నకారా అనే విశ్రాంత ఉద్యోగి సుప్రీంకోర్టుకు వెళ్లారు. 1982 డిసెంబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ విభజన చెల్లదని తీర్పు చెప్పింది. పెన్షన్ యజమాని దయాధర్మం కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అని ఆ తీర్పు సారం. అందుకే ఈ రోజు పెన్షనర్ల దినోత్సవం.

హక్కు సంగతి కోర్టు తేల్చింది. ఆ డబ్బుతో నెల గడిపే సంగతి ఇంట్లో తేలాలి. నేను ఎంబీఏలో క్యాష్ ఫ్లో పాఠాలు చదివాను. అవి నిజంగా అర్థమైంది మాత్రం మా అమ్మ పద్దు పుస్తకం చూశాకే.

మా నాన్నగారు పోస్ట్‌మాన్‌గా రిటైరయ్యారు. 2019లో పోయారు. అమ్మకిప్పుడు 74 ఏళ్లు, సొంత ఊళ్లో సొంత ఇంట్లో ఉంటుంది. ఆమెకు వచ్చేది కేంద్ర ప్రభుత్వ కనీస ఫ్యామిలీ పెన్షన్ 9,000. దాని మీద 2025 డిసెంబరు నాటికి 58 శాతం డీఆర్ 5,220. మెడికల్ అలవెన్సు 1,000. అంతా కలిపి అప్పటికి 15,220 రూపాయలు.

ఇందులో పచారీ సరుకులు, పాలు, కూరగాయలకు 6,650 పోతాయి. మందులకు 2,400. పనమ్మాయికి 1,500. గ్యాస్, కరెంటు, ఫోను, టీవీ కలిపి 1,600. పెళ్లిళ్లకు, పేరంటాలకు, చదివింపులకు వెయ్యి. ఇంటి పన్నుకు, మరమ్మతులకు అయిదొందలు పక్కన పెడుతుంది. మిగిలిన దాంట్లో 1,500 రికరింగ్ డిపాజిట్. చివరికి చేతిలో మిగిలేది 70 రూపాయలు!

చదివింపుల వెయ్యి తగ్గించుకోవచ్చు కదా అని ఒకసారి అన్నాను. "అది తగ్గిస్తే ఊళ్లో నేను ఉన్నట్టా, లేనట్టా?" అంది. దాన్ని అనవసర ఖర్చుల కింద రాయడం నాకు చేతకాలేదు. పదిమందిలో తలెత్తుకుని తిరగడం కూడా బతుకులో భాగమే.

వేణ్ణీళ్లకు చన్నీళ్లు తోడన్నట్టు, ఆమె పేరున సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో నాలుగు లక్షలున్నాయి. 8.2 శాతం వడ్డీ మీద మూడు నెలలకు 8,200 వస్తుంది. పండగలు, కంటి డాక్టరు, ప్రయాణాలు అందులోంచే. నేను పంపుతానన్నా వద్దంటుంది. "అవసరమైతే అడుగుతానులే" అంటుంది. అడగనవసరం లేకపోవడమే ఆమెకు ఆ పెన్షన్ ఇచ్చిన అసలు సుఖం.

అయితే నాన్నగారు పోయిన తర్వాత నాలుగు నెలలు ఆ పెన్షనూ రాలేదు. పెన్షన్ ఆర్డరులో అమ్మ ఇంటిపేరు ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంది. పుట్టిన తేదీ కూడా కలవలేదు. కాగితాలు ఒక కార్యాలయం నుంచి ఇంకో కార్యాలయానికి తిరిగాయి. బకాయిలతో సహా చివరికి అంతా వచ్చింది. ఆ నాలుగు నెలలూ ఆదుకున్నది అమ్మ రికరింగ్ డిపాజిట్. భర్త దినాలు అయిన మర్నాటి నుంచి సంతకాల కోసం తిరగాల్సిన స్థితి మన ఇళ్లలో ఎవరికీ రాకూడదు. ఈ రోజు మాట్లాడటానికి నేను ఒప్పుకున్నది ఈ ఒక్క మాట కోసమే.

ఇంకో సంగతి. ఇద్దరిలో ఒకరు పోతే ఖర్చు సగమవుతుందనుకుంటాం. బియ్యం తగ్గుతాయి. ఇంటి పన్ను, పనమ్మాయి జీతం, గ్యాస్ కనెక్షను తగ్గవు. పెన్షన్ మాత్రం తగ్గుతుంది. మన బ్యాంకుల్లో 33 ఏళ్ల పూర్తి సర్వీసుకు పెన్షన్ సుమారు సగం జీతం. ఫ్యామిలీ పెన్షన్ 30 శాతం. 2021కి ముందు దానికి 9,284 రూపాయల గరిష్ఠ పరిమితి ఉండేది. ఆ పరిమితి తీసేయడం ఎన్నో కుటుంబాలకు ఊరట. అయినా యాభై నుంచి ముప్ఫైకి దిగడం చిన్న మెట్టు కాదు. ఇది ఇంట్లో ముందే తెలిసి ఉండాలి.

ఇక నా తరం సంగతి. 2010 ఏప్రిల్ 1 నుంచి చేరినవాళ్లం ఎన్‌పీఎస్‌లో ఉన్నాం. నేను 2011లో చేరాను. మా వాటా 10 శాతం, బ్యాంకు వాటా 14 శాతం జమవుతోంది. రిటైరయ్యాక అందులో కొంత భాగంతో యాన్యుటీ కొనాలి. అమ్మ పెన్షన్‌కు ఏడాదికి రెండుసార్లు డీఆర్ సవరిస్తారు. ఎనభై నిండగానే మూల పెన్షన్ మీద అదనంగా 20 శాతం కలుస్తుంది. మామూలు యాన్యుటీలో మొదటి నెల ఎంతో, ఇరవై ఏళ్ల తర్వాతా అంతే. ధరలు ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపు. అరవై ఏళ్లప్పుడు ముప్ఫై వేలతో నడిచిన ఇల్లు డెబ్బై రెండేళ్లకు అరవై వేలడుగుతుంది. అంటే మా డీఆర్‌ను మేమే ఇప్పటినుంచి కూడబెట్టుకోవాలి. జీతం పెరిగినప్పుడల్లా ఆ పెంపులో సగం దీనికి మళ్లించాలని నేనూ నా భార్యా నిర్ణయించుకున్నాం. యాన్యుటీ కొనేటప్పుడు నా తర్వాత తనకూ వచ్చే రకమే తీసుకోవాలన్నది రెండో నిర్ణయం.

అందరూ చేయదగిన పనులు కొన్ని చెప్తాను. పెన్షన్ ఖాతాను భార్యాభర్తలు ఉమ్మడిగా ఉంచుకోండి. పెన్షన్ ఆర్డరు, ఆధార్, పాన్, పాస్‌బుక్కుల్లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇద్దరూ బతికుండగానే చూసుకోండి. ప్రతి ఖాతాకూ నామినేషన్ ఉండాలి. నవంబరులో ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌ను ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వొచ్చు. ఎనభై దాటినవారు అక్టోబరులోనే ఇవ్వొచ్చు. ఆ పేరు చెప్పి ఎవరైనా ఫోనుచేసి ఓటీపీ అడిగితే పెట్టేయండి. ఏ బ్యాంకూ అలా అడగదు.

పిల్లల వ్యాపారానికో, ఇంటి అడ్వాన్సుకో రిటైర్మెంటు సొమ్ము మొత్తం తీసివ్వకండి. పెద్దవాళ్లు చేయి చాచకుండా బతకడం కూడా పిల్లలకు చేసే సాయమే.

ఈ రాత్రి భోజనాలయ్యాక ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ ఖాతా ఎక్కడుంది, ఏ పాలసీ ఎంతకుంది, పెన్షన్ ఎంత, ఒకరు లేకపోతే రెండోవారికి ఎంత వస్తుంది, ముందు ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి ఇద్దరూ కూర్చుని రాయండి. అశుభం అనుకోకండి. బీమా ప్రీమియం కట్టేటప్పుడు అలా అనుకోం కదా! రాసిన కాగితం ఎక్కడ పెట్టారో ఇద్దరికీ తెలిస్తే చాలు.