రిజిస్ట్రేషన్ అయిందంటే ఇల్లు మీదైపోయినట్టేనా?

నేను సివిల్ కేసులు చూసే లాయర్‌ని. నా ఆఫీసులో రోజూ వినిపించే మాట ఒకటుంది: "మేడమ్, రిజిస్ట్రేషన్ అయిపోయింది కదా, ఇంకేం ప్రాబ్లం ఉంటుంది?" ఈ ఎపిసోడ్ అంతా ఆ ఒక్క మాట గురించే. మీరు సిటీలో ఫ్లాట్ కొంటున్నా, ఊళ్ళో నాన్నగారి ఇల్లు అమ్ముతున్నా, చివరి దాకా వినండి.

ముందు చట్టం ఏమంటుందో చూద్దాం. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, సెక్షన్ 54 ప్రకారం 100 రూపాయలు, ఆపైన విలువ చేసే స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ అయిన దస్తావేజుతోనే జరగాలి. అంటే రిజిస్ట్రేషన్ లేకుండా కొన్న ఇల్లు మీది కాదు. ఇది అందరికీ తెలుసు. కానీ ఇదే మాటని తిరగేసి, "రిజిస్ట్రేషన్ ఉంటే ఇల్లు నాదే" అనుకుంటాం చూడండి, చిక్కంతా అక్కడే.

సబ్ రిజిస్ట్రార్ ఏం చూస్తారు? సంతకం పెట్టేది ఆ మనిషేనా, సాక్షులు వచ్చారా, స్టాంప్ డ్యూటీ కట్టారా, ఆస్తి నిషేధిత జాబితాలో ఉందా. ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. అమ్మేవాళ్ళకి ఆ ఇంటి మీద నిజంగా హక్కుందా అని తేల్చడం ఆయన పని కాదు. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కేసు ఒకదానిలో సుప్రీం కోర్టు ఇదే చెప్పింది. అమ్మేవారు తమ హక్కు నిరూపించుకోలేదన్న కారణంతో రిజిస్ట్రేషన్ ఆపే అధికారం 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలో లేదని.

మరి హక్కు ఎవరు చూసుకోవాలి? కొనేవాళ్ళే. తన దగ్గర లేని హక్కుని ఎవరూ ఇంకొకరికి అమ్మలేరు. ఎంత ఖరీదైన స్టాంప్ పేపర్ మీద రాసినా సరే.

నా దగ్గరికి వచ్చిన ఒక కేసు చెప్తాను. పేర్లు, ఊరు వద్దు. ఒక అబ్బాయి అన్నదమ్ములిద్దరి దగ్గర పాత ఇల్లు కొన్నాడు. ఆ ఇల్లు వాళ్ళ నాన్న సంపాదించినది. ఆయన వీలునామా రాయకుండానే చనిపోయారు. ఈసీ తీస్తే క్లీన్. బ్యాంకు లోన్ కూడా వచ్చింది. రెండేళ్ళ తర్వాత కోర్టు నోటీసు వచ్చింది. అన్నదమ్ములకి పెళ్ళయి వేరే జిల్లాలో ఉంటున్న అక్క ఉంది. హిందూ వారసత్వ చట్టం ప్రకారం కూతురికీ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది, తల్లి బతికుంటే ఆమెకీ వస్తుంది. అక్క సంతకం లేకుండా అమ్మారు కాబట్టి ఆ అబ్బాయికి వచ్చింది అన్నదమ్ముల వాటాలే. అక్క వాటా ఇంకా అక్కదే. దస్తావేజు రిజిస్టర్ అయింది, ఈఎంఐ నెలనెలా పోతోంది, ఇంటి మీద కేసు నడుస్తోంది.

ఆ అబ్బాయి అడిగాడు, "బ్యాంకు వాళ్ళు లీగల్ చూశారు కదా మేడమ్?" చూస్తారు, కానీ వాళ్ళ అప్పు కోసం చూసుకుంటారు. ఇల్లు పోయినా అప్పు మాత్రం మీ పేరు మీదే ఉంటుంది.

సరే, ఏం చేయాలి? అడ్వాన్స్ ఇవ్వడానికి ముందే ఈ పనులు చేయండి.

ఒకటి, ఈసీ. రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి ఉన్న రికార్డు మీ ఫోన్‌లోనే చూడొచ్చు. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్ళాలి. కానీ ఈసీలో కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. రిజిస్టర్ చేయని అగ్రిమెంటు, బీరువాలో ఉన్న వీలునామా, కోర్టులో నడుస్తున్న కేసు అందులో కనపడకపోవచ్చు. కేసుల కోసం ఈకోర్ట్స్ యాప్‌లో అమ్మేవారి పేరుతో వెతకండి.

రెండు, లింక్ డాక్యుమెంట్లు. ఈ ఇల్లు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో కనీసం 30 ఏళ్ళ గొలుసు చూడాలి. జిరాక్సులు కాదు, ఒరిజినల్స్ చూడాలి. మధ్యలో ఎవరైనా చనిపోయి ఉంటే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అడగండి. అందులో ఉన్న ప్రతి పేరుకీ దస్తావేజులో సంతకం ఉండాలి. "అక్క ఏమీ అనదు లెండి" అంటే ఒప్పుకోకండి. ఏమీ అననిదైతే వచ్చి సంతకం పెడుతుంది.

మూడు, ఆ నేల కథ. అసైన్డ్ భూమి అయితే 1977 చట్టం కింద అమ్మకం మీద ఆంక్షలున్నాయి. హైదరాబాద్ చుట్టుపక్కలైతే చెరువు ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ తప్పకుండా చూడండి. 2024లో హైడ్రా కూల్చివేతలు మొదలైనప్పుడు, మా దగ్గర రిజిస్ట్రేషన్ కాగితాలున్నాయని ఎంతమంది ఏడ్చారో టీవీలో మీరూ చూశారు. లేఅవుట్ అప్రూవల్, బిల్డింగ్ ప్లాన్ కూడా అడగండి. ప్లాన్‌లో ఎన్ని అంతస్తులున్నాయి, కట్టినవి ఎన్ని? మీరు కొనే ఫ్లాట్ ఆ లెక్కలోకి వస్తుందా?

నాలుగు, సంతకం పెట్టే మనిషి. జీపీఏ మీద వచ్చారంటే, ఆ పవర్ ఇచ్చినవారు బతికే ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అని చూడండి. వీలైతే వాళ్ళతో వీడియో కాల్‌లో మాట్లాడండి. మొత్తం అమ్మకమే జీపీఏతో, నోటరీతో కానిచ్చేద్దాం అంటే వద్దని చెప్పండి. జీపీఏ అమ్మకాలతో యాజమాన్యం రాదని సుప్రీం కోర్టు 2011లోనే చెప్పింది.

ఇవన్నీ సరిపోతేనే అగ్రిమెంట్ ఆఫ్ సేల్. ఇది ఇల్లు అమ్ముతానన్న మాట మాత్రమే, దీనితో ఇల్లు మీది అయిపోదు. మొత్తం ధర, ఇచ్చిన అడ్వాన్స్, గడువు తేదీ, మాట తప్పితే ఏంటి, అన్నీ రాయించుకోండి. లీగల్‌గా తేడా తేలినా, లోన్ రాకపోయినా అడ్వాన్స్ తిరిగివ్వాలని కూడా రాయించండి. గడువు తేదీ నుంచి మూడేళ్ళలోపు కోర్టుకి వెళ్ళకపోతే ఆ అగ్రిమెంట్ అమలు చేయించుకోవడం కష్టం. 20,000 రూపాయలు, అంతకు మించి నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. బ్యాంకు ద్వారా ఇస్తే రుజువు కూడా ఉంటుంది. కొత్త ప్రాజెక్టు అయితే రెరా నంబర్ చూడండి. అగ్రిమెంట్ రిజిస్టర్ చేయకుండా బిల్డర్ ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు రెండు రాష్ట్రాల్లోనూ అన్నీ కలిపి దాదాపు 7.5 శాతం. 60 లక్షల ఇంటికి నాలుగున్నర లక్షలు అన్నమాట. ఇది ముందే పక్కన పెట్టుకోండి. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి. అమ్మేవారు అమెరికాలోనో, దుబాయ్‌లోనో స్థిరపడిన ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క పనికిరాదు, ఇంకా ఎక్కువే పట్టుకోవాలి. ఆడిటర్‌ని అడిగి చేయండి.

అమ్మేవాళ్ళకి ఒక మాట. దస్తావేజులో "పూర్తి సొమ్ము ముట్టింది" అని ఉంటుంది. డబ్బు అకౌంట్లో పడకుండా, డీడీ చేతికి రాకుండా దాని కింద సంతకం పెట్టొద్దు. అడ్వాన్స్ తీసుకున్నాం కదా అని ఒరిజినల్ కాగితాలు ముందే ఇచ్చేయొద్దు.

రిజిస్ట్రేషన్ తర్వాత మ్యుటేషన్, ఇంటి పన్ను, కరెంట్ మీటర్ మీ పేరుకి మార్పించుకోండి. పన్ను రసీదు మీ పేరు మీద ఉన్నంత మాత్రాన హక్కు రాదు, కానీ మార్చకపోతే రేపు అమ్మేటప్పుడు తిప్పలే.

మన దగ్గర మామూలుగా జరిగేది ఏంటంటే, ఇల్లు నచ్చగానే "ఇంకెవరో కొనేస్తారు" అన్న భయంతో టోకెన్ అడ్వాన్స్ ఇచ్చేస్తాం, ఆ తర్వాత కాగితాలు అడుగుతాం. అప్పటికి మన డబ్బు వాళ్ళ చేతిలో ఉంటుంది, గట్టిగా అడగలేం. ఈ వరస మార్చండి చాలు. కాగితాలు ముందు, మీరు పెట్టుకున్న లాయర్ అభిప్రాయం తర్వాత, డబ్బు ఆఖరికి. కాగితాలు చూపించడానికి వారం టైమ్ ఇవ్వనివాళ్ళ ఇల్లు ఎంత బాగున్నా మనకి అక్కర్లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఇల్లు చూసే పనిలో ఉంటే ఈ ఎపిసోడ్ ఫ్యామిలీ గ్రూపులో పెట్టండి. అడ్వాన్స్ ఇవ్వకముందే పెట్టండి. మళ్ళీ కలుద్దాం, నమస్తే.