ఎవరు గొప్ప? ఏ లెక్కన?
(బేతంచెర్లలో మన సంఘ సభ్యుల సమావేశంలో ఒక విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి మాట్లాడడానికి నాకన్నా తెలిసినవారు ఇక్కడ ఉన్నారు. ముప్పై యేండ్లకు పైగా ఎండలో నిలబడి పిల్లల చేత డ్రిల్లు చేయించినవాణ్ణి నేను. నాకు తెలిసింది ఆటలే. కార్యదర్శిగారు కూడా "మీరు ఆటల మీదే చెప్పండి, పనిలో పనిగా మన బెంచీ తగవు కూడా తీర్చండి" అన్నారు.

ఆ తగవు మీకందరికీ తెలిసిందే. సాయంత్రం వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చునే మన ట్రెజరీ అన్నగారిది సైనా నెహ్వాల్ పక్షం. రెవిన్యూ అన్నగారిది సింధు పక్షం. 2017లో మన ప్రభుత్వం సింధుకు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగం ఇచ్చిన నాటి నుంచి ఆయనకు ఆ పిల్ల సొంత డిపార్టుమెంటు మనిషి అయిపోయింది. మొన్నొక రోజు మాట మీద మాట పెరిగి, నాలుగు రోజులు వీరిద్దరూ ఒకరికొకరు టీ కూడా ఇప్పించుకోలేదు.

ట్రెజరీ అన్నగారి వాదన ఇది. సైనా 2015లో ప్రపంచంలో నంబర్ వన్ అయింది. మన దేశపు ఆడపిల్లల్లో ఆ స్థానం తొలుత అందుకున్నది ఆమే. సింధు 2017లో రెండో ర్యాంకు దాకా వచ్చి ఆగింది. పైగా 2018 కామన్వెల్త్ క్రీడల ఫైనల్లో ఇద్దరూ ఎదురుపడితే గెలిచింది సైనా. రెవిన్యూ అన్నగారు ఊరుకుంటారా? సైనాకు ఒలింపిక్స్‌లో ఒక కంచు, అది 2012 లండన్‌లో. సింధుకు 2016 రియోలో వెండి, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో కంచు. 2019లో ప్రపంచ ఛాంపియన్. ఆ ఫైనల్లో జపాన్ అమ్మాయి ఒకుహారాను 21-7, 21-7 తో ఓడించింది. "నంబర్ వన్ కాకుండానే ఇన్ని తెచ్చింది, అయ్యుంటే ఇంకెన్ని తెచ్చేదో" అంటారాయన.

ఇద్దరూ చెప్పింది నిజమే. చిక్కల్లా ఏమిటంటే ఇద్దరూ వేరు వేరు రిజిస్టర్లు తెరిచి చదువుతున్నారు.

బ్యాడ్మింటన్ ర్యాంకు ఎట్లా వేస్తారో చూడండి. గడిచిన 52 వారాల్లో ఆడిన పోటీల్లో బాగా ఆడిన పదింటిని తీసుకొని వాటి పాయింట్లు కూడతారు. ఒలింపిక్స్‌కు పాయింట్లు ఎక్కువే, అయినా ఆ పదింటిలో అదీ ఒకటి మాత్రమే. ఏడాది దాటితే ఎంత పెద్ద గెలుపైనా లెక్కలోంచి రాలిపోతుంది. మన గుంటూరు జిల్లా పిల్లోడు శ్రీకాంత్ 2017లో నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, 2018 ఏప్రిల్‌లో నంబర్ వన్ అయ్యాడు. ఉన్నది ఒక్క వారం. ఆ వారం పోగానే అతను చేతకానివాడు అయిపోయాడా? 2021లో ప్రపంచ పోటీల ఫైనల్ దాకా పోయి వెండి తెచ్చాడు. సీనియారిటీ జాబితా చూసి మనలో ఎంతమంది ఎన్ని రాత్రులు నిద్ర మానుకున్నామో మనకు తెలుసు. ఆ జాబితా చెప్పేది చేరిన తేదీ. పని ఎవరు చేశారో అది చెప్పదు. ర్యాంకు కూడా అట్లాంటిదే. అది అబద్ధం కాదు, అడిగిన ప్రశ్నకే జవాబు చెబుతుంది.

(రియో తరువాత సింధు ఆంధ్రా పిల్లా, తెలంగాణ పిల్లా అని ఇంకొక తగవు నడిచింది. ఒక ప్రభుత్వం 5 కోట్లు, ఇంకొకటి 3 కోట్లు ప్రకటించాయి. ఆ తగవులోకి నేను దిగను. పెన్షను రెండు రాష్ట్రాల నుంచి వచ్చేటట్టుంటే అప్పుడు చూద్దాం.)

ఈ జబ్బు మనకే కాదు. మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. ఆర్నెల్లు అక్కడ ఉండి వచ్చాను. అక్కడ మనవడికి, మనవరాలికి బాస్కెట్‌బాల్ పిచ్చి. అన్నం ముందు కూర్చుంటే చాలు, మైఖేల్ జోర్డాన్ గొప్పా, లెబ్రాన్ జేమ్స్ గొప్పా అని మొదలు. జోర్డాన్ ఆరుసార్లు ఫైనల్‌కు పోయి ఆరుసార్లూ గెలిచాడు. లెబ్రాన్ గెలిచింది నాలుగే, కాని 2023 ఫిబ్రవరిలో కరీం అబ్దుల్ జబ్బార్ పేరు మీద దాదాపు నలభై యేండ్లుగా ఉన్న 38,387 పాయింట్ల రికార్డు దాటేశాడు. కాలేజీ ఆటల్లోనూ ఇదే గొడవ. 2024లో కెయిట్లిన్ క్లార్క్ అనే అమ్మాయి పీట్ మరావిచ్ 1970 నాటి 3,667 పాయింట్ల రికార్డును దాటింది. మనవరాలు ఎగిరి గంతేసింది. మనవడు "మరావిచ్ ఆడింది మూడేండ్లే, అప్పుడు దూరం నుంచి వేస్తే మూడు పాయింట్లిచ్చే గీత కూడా లేదు" అన్నాడు. అదీ నిజమే. ఆ రోజుల్లో కాలేజీలో మొదటి ఏడు పిల్లల్ని పెద్ద జట్టులో ఆడనిచ్చేవారు కారు. అయినా ఆ అమ్మాయి తనకిచ్చిన నాలుగేండ్లలో, తనకు గీసిన గీత మీద ఆడింది. అందులో ఆమె తప్పేముంది?

ఇవన్నీ వింటూ నేను తలూపేవాణ్ణి. నా మనసు మాత్రం వేరేచోట ఉండేది. అది చెప్పాలంటే ఇద్దరు పాత ఆటగాళ్లను తలచుకోవాలి.

విల్ట్ చాంబర్లేన్ అని ఏడడుగుల ఒక అంగుళం మనిషి. 1962 మార్చి 2న ఒక్క ఆటలో 100 పాయింట్లు వేశాడు. ఆ రికార్డును ఇంతవరకు ఎవరూ అందుకోలేదు. ఆ సీజనంతా సగటున ఆటకు 50 పాయింట్లు. ఆ ఏటి మేటి ఆటగాడెవరని ఓట్లు వేస్తే గెలిచింది మాత్రం బిల్ రస్సెల్. అప్పట్లో ఓట్లు వేసింది పత్రికలవారు కాదు, తోటి ఆటగాళ్లే. రస్సెల్ పాయింట్లు వేయడంలో గొప్పవాడు కాదు. ఎదుటివాడు బుట్ట వైపు విసిరిన బంతిని గాలిలోనే ఆపడం, రింగుకు తగిలి వచ్చిన బంతిని చేజిక్కించుకోవడం అతని పని. పదమూడు సీజన్లు ఆడాడు, పదకొండుసార్లు అతని జట్టే ఛాంపియన్. చిత్రమేమిటంటే బంతిని గాలిలో ఆపడాన్ని ఆ లీగువారు లెక్క రాయడం మొదలుపెట్టింది 1973-74 సీజన్లో. రస్సెల్ ఆట మానింది 1969లో. అతను అందరికన్నా బాగా చేసిన పనికి ఏ కాగితం మీదా లెక్క లేదు. ఎదురు నిలబడి ఆడినవారికి తెలుసు, అంతే.

2022 జులైలో రస్సెల్ పోయినప్పుడు పేపర్లో ఈ సంగతి చదివి, పేపరు మడిచి చాలాసేపు ఊరికే కూర్చున్నాను.

1980లలో అప్పటి కర్నూలు జిల్లాలో ఒక హైస్కూల్లో పనిచేసేవాణ్ణి. ఊరి కమ్మరి చేత ఇనుప రింగు చేయించి, కర్రస్తంభానికి బిగించి పిల్లలకు బాస్కెట్‌బాల్ నేర్పించాను. జోనల్ పోటీలకు పన్నెండుమందిని ఎంపిక చేయాలి. పక్షపాతం లేకుండా ఉండాలని నోటుపుస్తకంలో గళ్లు గీసి, ఎవరు ఎన్ని వేశారో రాసుకున్నాను. నాపరాయి గని కూలి కొడుకు ఒకడుండేవాడు. సెలవు రోజుల్లో తండ్రితో బండలు మోసేవాడు. రింగు కింద నిలబడితే వాణ్ణి దాటి లోపలికి పోవడం ఎవరి తరమూ కాదు. వాడి పేరుకు ఎదురుగా నా పుస్తకంలో ఉన్న అంకెలు: రెండు, సున్నా, నాలుగు, సున్నా. పదమూడోవాడయ్యాడు.

రెండో ఆటలోనే ఓడిపోయాం. ఎదుటి జట్టులో పొడుగు పిల్లోడొకడు రింగుకు తగిలిన ప్రతి బంతినీ అందుకుంటున్నాడు. మధ్యలో వాణ్ణి దింపుదామని అలవాటు కొద్దీ బెంచీ వైపు చూశాను. వాడు ఊర్లో ఉన్నాడు. ఎత్తు చాలక ఓడామని హెడ్మాస్టరుకు రాసిచ్చాను. ఆ పిల్లోడు మళ్లీ గ్రౌండుకు రాలేదు. నేనూ పిలవలేదు. లిస్టు న్యాయంగా వేశాననే నమ్మకం నాది.

పోయిన ఏడు ఇంటి మెట్లకు బండల కోసం ఇక్కడి పాలిష్ ఫ్యాక్టరీకి పోయాను. ఒకాయన ఒక్కొక్క బండను వేలి కణుపుతో కొట్టి, శబ్దం విని, పగులున్నదాన్ని పక్కకు తీస్తున్నాడు. నన్ను చూసి "సార్, బాగుండారా" అన్నాడు. తల నెరిసినా ఆ చేతులు గుర్తుపట్టాను. ఆ లిస్టు గుర్తుందా అని అడిగాను.

"గుర్తుండకేం సార్. నోటీసు బోర్డు మీద పెట్టింటిరి కదా. పేరు యాడన్నా ఉందేమోనని రెండుసార్లు చదివితి."

నా లెక్క తప్పు నాయనా అన్నాను. ఆయన ఏమీ అనలేదు. ఇంకో రెండు బండలు కొట్టి చూశాడు. తరువాత "మా మనవరాలు ఆడతాంది సార్. అదీ బుట్టలో వేసేది తక్కువే. మీరొకసారి వచ్చి చూడండి" అన్నాడు.

వచ్చే ఆదివారం పోతున్నాను. పాయింట్ల గడి పక్కన ఇంకో రెండు గళ్లు గీసిన పుస్తకం సిద్ధం చేసుకున్నాను. ఆపిన బంతులు రాయడానికి ట్రెజరీ అన్నగారు, తోటివారికి అందించినవి రాయడానికి రెవిన్యూ అన్నగారు వస్తామన్నారు. ఇంకెవరైనా వచ్చేటట్లయితే ఉదయం ఏడు గంటలకు బెంచీ దగ్గరకు రండి. టీ ఖర్చు నాది.