బూడిద చెప్పిన వయసు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

తొమ్మిదో తరగతిలో సైన్సు మాస్టారు అవక్షేప శిలల పాఠం చెబుతూ, "కింది పొర పాతది, పై పొర కొత్తది" అన్నారు. నేను లేచి, "ఎన్నేళ్ల పాతదండీ?" అని అడిగాను. ఆయన నవ్వి, "నువ్వే కనుక్కొని వచ్చి చెప్పరా" అన్నారు. ఆ మాటే నన్ను భూగర్భ శాస్త్రంలోకి నడిపించింది. మాస్టారు ఈరోజు ముందు వరుసలోనే ఉన్నారు. ఆలస్యమైనా జవాబు తెచ్చాను.

ఇసుకరాయి వయసు నేరుగా కొలవడం కష్టం. అందులోని రేణువులు అంతకుముందే ఎక్కడో కొండల్లో పుట్టినవి. పాత ఇంటి ఇటుకలతో కొత్త గోడ కడితే, ఇటుక వయసు గోడ వయసు అవుతుందా? ఇదీ అంతే.

అగ్నిపర్వతపు బూడిద అలా కాదు. పేలిన కొద్ది రోజుల్లోనే రాలి పొరగా పరుచుకుంటుంది. దానిలోని కొన్ని స్ఫటికాల్లో పొటాషియం ఉంటుంది. అందులో ఒక రకం, పొటాషియం-40, అతి నెమ్మదిగా తరుగుతూ కొంత ఆర్గాన్ వాయువుగా మారుతుంది. సగానికి తరగడానికే సుమారు 125 కోట్ల ఏళ్లు పడుతుంది. స్ఫటికం చల్లబడ్డాక పుట్టిన ఆర్గాన్ అందులోనే చిక్కుకుపోతుంది. ఈ రెండింటినీ కొలిస్తే పేలుడు కాలం తెలుస్తుంది. బూడిదకు కిందున్నది అంతకన్నా పాతది, పైనున్నది కొత్తది. రెండు బూడిద పొరలు దొరికితే, మధ్య రాతికి రెండు హద్దులూ దొరికినట్టే.

ఇందుకు ఉదాహరణ నంద్యాల జిల్లా బనగానపల్లె దగ్గరి జ్వాలాపురంలోనే ఉంది. పేరులో జ్వాల ఉన్నా అక్కడ అగ్నిపర్వతం లేదు. అక్కడి జుర్రేరు లోయలోని బూడిద 2,500 కిలోమీటర్లకు పైగా దూరంలో, ఇండోనేషియాలోని సుమత్రా దీవిలో ఉన్న టోబా నుంచి వచ్చింది. గాజు రేణువుల రసాయన కూర్పు పోల్చి ఆ సంగతి తేల్చారు. ఆ పేలుడు సుమారు 74,000 ఏళ్ల కిందటిది. రేడియోకార్బన్ పద్ధతి దాదాపు 50,000 ఏళ్లు దాటితే పనిచేయదు కనుక, అక్కడ ఈ బూడిదే పెద్ద ఆధారం.

మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టర్ తదితరులు ఆ బూడిదకు కిందా పైనా కూడా రాతి పనిముట్లు దొరికాయని 2007లో ప్రకటించారు. అంత ఉత్పాతం తరువాత కూడా ఆ లోయలో మనుషులు బతికారని వారి వాదన. ఆ మనుషులెవరన్న చర్చ ఇంకా సాగుతూనే ఉంది.

ఆ బూడిదనే తవ్వి, పాత్రలు తోమే పొడికి అమ్ముకున్నారు. పొట్టకూటి కోసం తవ్వినవారిని నేను తప్పుపట్టను. కానీ పొర ఒకసారి కదిలితే కిందేది, పైనేది అన్న లెక్క పోతుంది. లారీలో పోసిన బూడిదకూ వయసు ఉంటుంది. కానీ దాని పక్కనున్న పనిముట్టు వయసు ఇక చెప్పలేం.

ఇక్కడున్న ఉపాధ్యాయులకు నాదొక్కటే మనవి. పిల్లలను ఒక్కసారి జ్వాలాపురం తీసుకెళ్లండి. ఆ తెల్లటి పొర మీద వేలు పెట్టి చూపించండి. "ఎన్నేళ్ల పాతదండీ?" అని ఒక్కరు అడిగినా చాలు. ఆ పొరను కాపాడేవాళ్లు వాళ్లలోంచే వస్తారు.

సెలవు.